మీకు తెలుసా? ఖైదీలు చెక్కిన వంతెన

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో, మక్వారీ నది ఒడ్డున రాస్ అనే చిన్న ఊరుంది. అక్కడి ఇసుకరాతి వంతెనను బ్రిటన్ నుంచి శిక్షపడి వచ్చిన ఖైదీలు కట్టారు. జాన్ లీ ఆర్చర్ నమూనా గీశాడు, 1836లో పూర్తయింది. మూడు కమానుల అంచుల్లో పేర్చిన 186 రాళ్ల మీద మనుషుల ముఖాలు, జంతువులు, ఆకులు, తీగలు అల్లుకుని ఉంటాయి. వంతెన మీదుగా వెళ్లేవారికి అవి కనిపించవు, ఏటిగట్టు దిగి చూడాల్సిందే. ఆ అపురూపమైన పనితనంలో ఎక్కువ భాగం డేనియల్ హెర్బర్ట్ అనే ఖైదీదని చెబుతారు. వంతెన పూర్తయ్యాక అతనికి క్షమాభిక్ష దక్కింది. అతని సమాధి కూడా ఆ ఊళ్లోనే, పాత శ్మశానంలో ఉంది. వంతెన మీద నేటికీ వాహనాలు తిరుగుతున్నాయి.