కారులో కరెంటు ఎలా పుడుతుంది?

ఇంటాయన టాక్సీ నడిపితేనే ఇల్లు గడిచే కుటుంబాలు హైదరాబాదు పాతబస్తీలో ఉన్నాయి. బండి ఆగితే ఆ రోజు సంపాదన లేదు. పైగా రిపేరు ఖర్చు. పొదుపు డబ్బు కాస్తా దానికే పోతుంది. అందుకే బండి సంగతి ఇంట్లో ఆడవాళ్లకూ తెలియాలి.

కారు లైట్లకు, హారనుకు కరెంటు కావాలి. బ్యాటరీ ఉంది కదా అంటారు. బ్యాటరీ నీళ్ల కుండ లాంటిది. వాడితే ఖాళీ అవుతుంది. దాన్ని మళ్లీ నింపేది ఆల్టర్నేటర్. ఇంజను బెల్టును తిప్పుతుంది. బెల్టు ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. అప్పుడు కరెంటు పుడుతుంది.

వెనకటి అంబాసిడర్ కార్లలో ఈ పనికి డైనమో ఉండేది. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటికీ కొందరు ఆల్టర్నేటర్‌ను డైనమో అనే అంటారు. కానీ రెండూ ఒకటి కాదు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే అలవాటు ఒకటుంది. ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్టు లెక్క. ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇలా చేయరాదు. వైరు పీకగానే కరెంటు ఒక్కసారిగా పొంగుతుంది. లోపల డయోడ్లు అనే చిన్న భాగాలు ఉంటాయి. అవి కరెంటును ఒకే వైపుకు పోనిస్తాయి. కరెంటు పొంగితే అవి మాడిపోతాయి.

ఇంకా ఏం చూసుకోవాలి?

బెల్టు వదులైతే జారుతుంది, బ్యాటరీ నిండదు. మరీ బిగిస్తే బేరింగు అరిగిపోతుంది.

బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ముందు షాపులో ఛార్జింగు పెట్టించాలి. ఆ బరువంతా ఆల్టర్నేటర్ మీద వేస్తే అది వేడెక్కి చెడుతుంది.

2020 అక్టోబరు వానలకు హఫీజ్ బాబా నగర్‌లోకి వరద వచ్చింది. కార్లు మునిగాయి. నీట మునిగిన కారును వెంటనే స్టార్టు చేయరాదు. ముందు మెకానిక్కుకు చూపించాలి.

బండి నడుస్తుండగా బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలిగితే ఛార్జింగు లేనట్టే. ఆలస్యం చేయకూడదు. మెకానిక్కు మీటరు పెట్టి చూస్తాడు. ఇంజను నడుస్తుంటే సుమారు 14 వోల్టులు చూపాలి.

బ్యాటరీ మీద రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి +, ఇంకొకటి −. వైర్లు తారుమారైతే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. లెక్కల పాఠంలో నేర్చిన గుర్తులే ఇవి. కొత్త బ్యాటరీ బిగించే రోజు దగ్గరుండి చూడండి. ఏ వైరు ఎటు పోతుందో చదవండి. బిల్లు మీద గ్యారంటీ తేదీ కూడా చదివి, బిల్లు దాచి పెట్టండి.