మూతపడని తూము

తూము తలుపు వేళకు దించకపోతే చేను ఏమవుతుందో రామచంద్రపురం రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. హెచ్‌రాస్ అనే మానవ జన్యువు కథా అదే. పదకొండో క్రోమోజోములో ఉండే ఈ జన్యువు 189 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. కణం పొరకు లోపలివైపు అంటుకుని ఉండే ఆ ప్రోటీన్, పెరగమని బయటినుంచి కబురు రాగానే జీటీపీ అనే అణువును పట్టుకుని తెరుచుకుంటుంది. ఆ జీటీపీలో ఒక ఫాస్ఫేటు తెగి జీడీపీ కాగానే మూతపడుతుంది. తనంతట తానైతే ఈ కోత చాలా నెమ్మది. గ్యాప్ అనే మరో ప్రోటీన్ లస్కరులా వచ్చి తలుపు దించుతుంది. రోజూ ఇంత బుద్ధిగా పనిచేసేదాన్ని ‘క్యాన్సర్ జన్యువు’ అనడం అన్యాయం. 1964లో జెన్నిఫర్ హార్వీ ఎలుకల్లో కణితులు పుట్టించే వైరస్‌ను గుర్తించినందువల్ల ఆ ముద్ర పడింది. తీరా చూస్తే ఆ వైరస్ మోసుకు తిరుగుతున్నది ఎలుక సొంత హెచ్‌రాస్ జన్యువునే.

క్యాన్సర్‌కు తోడ్పడే దోషం తెరుచుకోవడంలో లేదు, మూతపడకపోవడంలో ఉంది. ఆ దోషానికి మూలమైన మార్పు 1982 నవంబరులో ‘నేచర్’ పత్రికలో వెల్లడైంది. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, మరియానో బార్బసిడ్ తదితరులతో కలిసి టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాల హెచ్‌రాస్‌ను మామూలు హెచ్‌రాస్‌తో పోల్చారు. తేడా ఒక్క అక్షరం: జీజీసీ ఉండవలసిన చోట జీటీసీ. దాంతో పన్నెండో స్థానంలో గ్లైసీన్ పోయి వాలీన్ వచ్చింది. గ్లైసీన్ అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది. అంతకంటే పెద్దదైన వాలీన్ అడ్డుపడితే గ్యాప్ పని సాగదు. అదే సంచికలో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందమూ ఈ ఒక్క అక్షరం తేడానే చూపింది.

ఒక్క అక్షరానికే క్యాన్సర్ వస్తుందా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. రాదు. మారిన హెచ్‌రాస్‌ను చొప్పించి పరీక్షించిన ఎలుక కణాలు అప్పటికే చావు మరిచినవి. తాజా కణాల్లో మారిన రాస్ ఒక్కటే చాలదనీ, మిక్ వంటి మరో జన్యువు తోడు కావాలనీ 1983లో వైన్‌బర్గ్ బృందమే చూపింది. కాస్టెల్లో సిండ్రోమ్ పిల్లలకు హెచ్‌రాస్ మార్పు పుట్టుకతోనే ఉంటుంది. వాళ్లలో క్యాన్సర్ ముప్పు ఎక్కువే, కానీ అందరికీ రాదు. మరైతే ఆ మార్పు లెక్కలోకి రానిదా? అదీ కాదు. పొగాకు నమిలేవారి నోటి క్యాన్సర్లలో హెచ్‌రాస్ మార్పులు తరచుగా ఉన్నాయని 1991లో మన దేశపు పరిశోధనే తేల్చింది.

మూతపడనిదాన్ని మూసే మందు రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన సొటోరాసిబ్, హెచ్‌రాస్‌కు తోబుట్టువైన కేరాస్ ప్రోటీన్‌లో పన్నెండో స్థానాన సిస్టీన్ చేరినప్పుడు దాన్ని పట్టుకుని, ప్రోటీన్‌ను మూసిన స్థితిలోనే బిగించేస్తుంది. ఆ పట్టుకు సిస్టీన్‌లోని గంధకమే ఆధారం. టీ24 కణాల వాలీన్‌లో గంధకం లేదు.