స్వర్గద్వారమున దంపతులు

1830లో జోసెఫ్ స్మిత్ అను అమెరికను యువకుడు స్థాపించిన మోర్మను సంఘమునకు నేడు యూటా రాష్ట్రమందలి సాల్ట్ లేక్ సిటీ ముఖ్యస్థానము. మద్యము, పొగాకులనే గాక కాఫీ, తేనీరులను సైతము వర్జించి, ఆదాయమున దశమభాగమును సంఘమున కర్పించి, యౌవనారంభమున రెండేండ్లు మతప్రచారమునకై ఇల్లు విడిచి పోవు ఆ యువకుల నిష్ఠ మెచ్చదగినదే. కాని ఆ సంఘమున బుట్టి, తన మనస్సు పురుషునియందే లగ్నమగుచున్నదని గ్రహించిన యువకుని సంకటమునకు మూలము ఈ నియమములలో లేదు. వారి స్వర్గభావనలో నున్నది.

క్రైస్తవులలో పెక్కురకు వివాహబంధము మరణముతో తీరిపోవును. మోర్మనులకు మాత్రము, దేవాలయమున విధ్యుక్తముగా జరిగిన స్త్రీపురుష వివాహము అనంతకాలము నిలుచును. పరలోకమున అత్యున్నతపదవి అట్టి దంపతులకే లభించును. ఆకర్షణ పాపము కాదు, ఆచరణమే పాపమని సంఘమిప్పుడు చెప్పుచున్నది. వినుట కుదారముగనే యున్నది. అయితే మన సన్న్యాసికిని, కాథలిక్ గురువునకును బ్రహ్మచర్యమువలన గౌరవము కలుగును. సన్న్యాసమే లేని ఆ మతమున అవివాహితుడు ఎన్నడును అసంపూర్ణుడే.

పెండ్లి చేసికొన్న సర్దుకొనునని పెద్దలు హితవు చెప్పిన కాలమును గలదు. ఆ హితవు పర్యవసానమును కరోల్ లిన్ పియర్సన్ అను మోర్మను రచయిత్రి 1986లో గ్రంథస్థము చేసెను. నలుగురు బిడ్డలు కలిగిన పిమ్మట విడాకులు పొందిన భర్త జెరాల్డు ఎయిడ్సు వ్యాధిగ్రస్తుడు కాగా, ఆమె అతనిని తన యింటికి దెచ్చుకొని, 1984లో మరణించువరకు పరిచర్య చేసెను. వివాహమును చికిత్సగా నెంచరాదని సంఘనాయకుడు గోర్డన్ హింక్లీ 1987లో బహిరంగముగ పలికెను. అప్పటికే తెలియక పెండ్లాడిన స్త్రీల గతి యేమో ఆయన చెప్పలేదు.

2015 నవంబరులో సంఘము మరింత కఠినమయ్యెను. స్వలింగ వివాహము చేసికొన్నవారు మతభ్రష్టులనియు, వారి బిడ్డలకు ఎనిమిదేండ్లకు రావలసిన బాప్తిస్మము పదునెనిమిదేండ్లు నిండువరకు తగదనియు నిర్ణయించెను. తమకు జరిగినదానిని ఓర్చుకొన్నవారు సైతము బిడ్డలపై పడిన ఈ దెబ్బను సహింపలేకపోయిరి. పెక్కురు సంఘపు పట్టికనుండి తమ పేర్లు తొలగింపుడని లేఖలు వ్రాసిరి. ఆ లేఖతో దేవాలయమున గట్టిపడిన కుటుంబబంధమును రద్దగునని నమ్ము తల్లిదండ్రులకు అది బిడ్డను పరలోకమునకును పోగొట్టుకొనుటయే.

2019 ఏప్రిల్‌లో ఆ నిర్ణయము ఉపసంహరింపబడినది. అయినను, తీసివేయించుకొన్న పేరు తిరిగి పట్టిక కెక్కవలెనన్న పెద్దల యనుమతితో మరల బాప్తిస్మము పొందవలసినదే. స్వలింగ దాంపత్యమున నున్నవారికి ఆ యనుమతి నేటికిని లేదు.