జైలు ఫోన్లో తెలుగు ఎవరికి తెలుస్తుందిలే!

అమెరికాలో చదువుకుంటున్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లోనూ, ఇక్కడున్న వాళ్ల అమ్మానాన్నల గ్రూపుల్లోనూ ఓ ఉచిత సలహా తిరుగుతోంది. మనవాళ్లెవరైనా అరెస్టయి కౌంటీ జైల్లో పడితే, ఫోన్ వచ్చినప్పుడు ఇంగ్లీషులో పొడిపొడిగా మాట్లాడి, అసలు సంగతి తెలుగులో మాట్లాడుకోవాలట. తెల్లవాళ్లకు మన భాష ఎక్కడొస్తుంది, భయమేం లేదట. షాపులో వస్తువు తీశాడన్న కేసులో బెయిల్ మీద బయటికొచ్చి లాయర్‌తో తేల్చుకోవాల్సిన కుర్రాడు, ఈ సలహా పుణ్యమా అని తన నోటితోనే సాక్ష్యం తయారుచేసి ప్రాసిక్యూటర్ చేతిలో పెడుతున్నాడు.

జైలు నుంచి వచ్చే కాల్ మొదట్లోనే యంత్రం గొంతు ఒకటి వినిపిస్తుంది, ఈ సంభాషణ రికార్డవుతోందని. అది విన్నాక బటన్ నొక్కి కాల్ తీసుకున్నామంటే ఒప్పుకున్నట్టే లెక్క. తర్వాత కోర్టులో ‘మాకు తెలియదండీ’ అంటే వినేవాళ్లుండరు. సెక్యూరస్, వయాపాత్ లాంటి కంపెనీలు ఈ కాల్స్‌ను ఖైదీ పిన్ నంబరు వారీగా దాచిపెడతాయి. ఏ రోజు, ఏ నంబరుకు, ఎన్ని నిమిషాలు మాట్లాడాడో చిట్టాతో సహా ప్రాసిక్యూటర్ తెప్పించుకోవచ్చు. అప్పటికప్పుడు ఎవరూ కూర్చుని వినకపోవచ్చు, వినాల్సిన పనీ లేదు. విచారణ దగ్గరపడ్డాక తెలుగు తెలిసిన అనువాదకుడిని పెట్టుకుని మాటకు మాట ఇంగ్లీషులో రాయిస్తారు. ‘అదేరా, ఆ సామాను మన శీను రూములో ఉంది కదా, తీసేయమను’ అన్న గుట్టుమాట ఇంగ్లీషులోకి వెళ్లాక ఇంకా అనుమానంగా కనిపిస్తుంది తప్ప గుట్టు మిగలదు.

అన్నట్టు, 2010-2017 మధ్య అమెరికాలో అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగేనని, ఏకంగా 86 శాతం పెరిగిందని మురిసిపోతూ అందరికీ పంపిందీ ఈ గ్రూపులే. 2017 నాటికే అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు 4 లక్షలు దాటారు. పండక్కి గొప్పలు చెప్పుకోవడానికి 4 లక్షల మంది ఉంటారు, జైలు టేపు వినడానికి ఒక్కరూ దొరకరు!

అన్నిటికన్నా నష్టం భార్యాభర్తల గొడవ కేసుల్లో. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో గొడవ జరుగుతుంది, ఎవరో 911కి ఫోన్ చేస్తారు, భర్తను తీసుకెళ్తారు. మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడే భార్యను కలవకూడదని, మాట్లాడకూడదని ఆర్డరు ఇచ్చే అవకాశం ఉంది. ఆ సాయంత్రం అతను స్నేహితుడికి ఫోన్ చేస్తాడు. స్నేహితుడు రెండో ఫోన్లో గుంటూరులో ఉన్న తల్లిని స్పీకర్ మీద పెడతాడు. ‘నువ్వేం దిగులు పడకు నాన్నా, అమ్మాయితో నేను మాట్లాడతా. కేసు వాపసు తీసుకోమంటా. నువ్వు మాత్రం చెయ్యి చేసుకోలేదనే చెప్పు’ అంటుందావిడ. కొడుకేమో ‘సరేనమ్మా, దాన్ని కోర్టుకు రావద్దని చెప్పు’ అంటాడు. అంతే! మధ్యవర్తుల ద్వారా కూడా సంప్రదించకూడదని ఆర్డరులో ఉంటే దాన్ని మీరినట్టు, సాక్షిని ఆపబోయినందుకు మరో నేరం మెడకు చుట్టుకున్నట్టు. పైగా మూడో మనిషిని లైనులో కలపడం జైలు నియమాలకే విరుద్ధం. పట్టుబడితే కాల్ తెగుతుంది, ఫోన్ సౌకర్యమే పోవచ్చు.

ఇంతా చేసి, ఆ కేసు వాపసు తీసుకోవడం కోడలి చేతిలో లేదు. అది ‘స్టేట్ ఆఫ్ టెక్సాస్’ పెట్టిన కేసు. ఆమె వద్దన్నా నడపాలో మానాలో తేల్చేది ప్రాసిక్యూటరే. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి రాజీ చేయించే అలవాటును ఆ ఫోన్లోకి తీసుకెళ్తే పంచాయతీ మొత్తం టేపెక్కుతుంది.

మరి ఏం మాట్లాడాలి? ఒంట్లో ఎలా ఉంది, ఏ మందులు కావాలి, కోర్టు తేదీ ఎప్పుడు, లాయర్ ఎవరు, ఆఫీసుకో కాలేజీకో ఏం చెప్పమంటావు. అక్కడితో చాలు. ఏం జరిగిందన్న కథ లాయర్‌కే. అదీ ఆయన నంబరు లాయర్ నంబరుగా జైల్లో నమోదైన లైనులోనో, ఎదురుగా కూర్చున్నప్పుడో. స్నేహితుడి ఫోన్ నుంచి లాయర్‌ను కాన్ఫరెన్స్‌లో కలిపితే లాయర్‌తో మాటలకుండే గోప్యత మీద ఆశ పెట్టుకోవద్దు.

మాట్లాడటానికి ముందు మనిషి దొరకాలి కదా. ఇక్కడ ఇంకో పుకారు సిద్ధంగా ఉంటుంది: ‘జైలు వెబ్‌సైట్లో పేరు లేదంటే ఐస్, అంటే ఇమిగ్రేషన్ వాళ్లు, ఎత్తుకెళ్లినట్టే.’ పేరు కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం మనం తప్పు కౌంటీలో, తప్పు పేరుతో, తొందరపడి వెతకడం. అమెరికాలో 3 వేలకు పైగా కౌంటీలున్నాయి, సాధారణంగా ఎవరి జైలు వాళ్లదే, ఎవరి షెరీఫ్ వాళ్లకే. ఫ్రిస్కో ఊరొక్కటే, కానీ కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. హ్యూస్టన్ నగరమైతే హ్యారిస్, ఫోర్ట్ బెండ్, మాంట్‌గోమరీ కౌంటీల్లోకి పాకింది. నివాసం ఎక్కడన్నది కాదు, అరెస్టు ఏ కౌంటీలో జరిగిందన్నదే లెక్క. కనెక్టికట్, డెలవేర్, రోడ్ ఐలాండ్, వెర్మాంట్, హవాయి, అలాస్కాల్లో జైళ్లు రాష్ట్రం చేతిలో ఉంటాయి కాబట్టి షెరీఫ్ సైట్లో ఎంత వెతికినా ప్రయోజనం లేదు.

ఇక పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు బోలెడుమంది. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరుండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. జైలు రికార్డు ఆ కాగితం చూసి తయారైతే ‘వెంకట సాయి కిరణ్’ మొత్తం ఇంటిపేరై కూర్చుంటుంది. కిరణ్ అని ఎన్ని గంటలు వెతికినా దొరకడు. పాస్‌పోర్టు, వీసా దగ్గర పెట్టుకుని ముక్కలు అటూ ఇటూ మార్చి వెతకండి, పుట్టిన తేదీతో సరిచూసుకోండి. వేలిముద్రలు, ఫొటో, సామాను అప్పగింత అన్నీ అయ్యాకే పేరు ఎక్కుతుంది కాబట్టి కొన్ని గంటలు ఆగాలి. ఈలోగా జైలు బుకింగ్ డెస్క్‌కు ఫోన్ చేస్తే మనిషి ఉన్నాడా, బుకింగ్ నంబరెంత, ఆరోపణ ఏమిటి, బెయిల్ ఎంత అన్నవి చాలాచోట్ల చెబుతారు. ‘ఒక్క నిమిషం మావాడికి ఫోన్ ఇవ్వండి’ అంటే మాత్రం ఇవ్వరు, అది మన ఊరి స్టేషన్ కాదు. చాలా రాష్ట్రాల్లో వైన్‌లింక్ అనే వెబ్‌సైట్లో వెతికితే జైలు మారినా తెలుస్తుంది. 1994లో కెంటకీలో బాధితులను హెచ్చరించడానికి మొదలైన ఏర్పాటే అది, కుటుంబాలకూ పనికొస్తుంది.

కేసు నిజంగా ఇమిగ్రేషన్‌దైతే వెతకాల్సింది ఐస్ వాళ్ల లొకేటర్ వెబ్‌సైట్లో, పేరు, పుట్టిన దేశం ఇచ్చి. మనిషి కౌంటీ జైలు గదిలోనే ఉండొచ్చు, ఎందుకంటే ఐస్ కొన్ని కౌంటీలకు డబ్బిచ్చి గదులు వాడుకుంటుంది. 2019 జనవరి చివర్లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే నకిలీ విశ్వవిద్యాలయం ఉచ్చులో 130 మంది విద్యార్థులను పట్టుకున్నప్పుడు, వాళ్లలో 129 మంది భారతీయులు. ఎక్కువమంది తెలుగువాళ్లే. ఎవరు ఎక్కడున్నారో తెలియక ఆ తల్లిదండ్రులు పడ్డ అవస్థ చూశాక కూడా లొకేటర్ సంగతి మనవాళ్లకు ఎక్కలేదు.

చిల్లర నమ్మకాలు ఇంకా ఉన్నాయి. ‘ఒక్క ఫోన్ కాలే ఇస్తారు’ అన్నది సినిమా చట్టం, కాలిఫోర్నియాలో చట్టమే మూడు కాల్స్ ఇస్తుంది. ‘కాన్సులేట్ వాళ్లే విడిపిస్తారు’ అన్నది దురాశ. వియన్నా ఒప్పందం ప్రకారం వాళ్లు కలవగలరు, లాయర్ల జాబితా ఇవ్వగలరు. అయితే తప్పనిసరిగా కబురు చేయాల్సిన దేశాల జాబితాలో భారత్ లేదు, కాబట్టి లోపలున్న మనిషే అడగాలి. ‘మీవాడికి బెయిల్ కావాలంటే గిఫ్ట్ కార్డులు పంపండి’ అని ఫోనొస్తే అది జైలు కాదు, దొంగ.

బెయిల్ మాట వచ్చింది కాబట్టి, ఊళ్లో ప్రతి బాబాయ్ చెప్పే ‘తొందరపడి బెయిల్ కట్టొద్దు’ అన్న సలహాను, మనసొప్పకపోయినా, సగం ఒప్పుకోవాలి. వేలిముద్రలు బుకింగప్పుడే ఇమిగ్రేషన్ డేటాబేసుకు చేరతాయి. ఐస్ డిటైనర్ (హోల్డ్) పెట్టి ఉంటే, బెయిల్ కట్టినా 48 గంటల దాకా ఆపి వాళ్లకు అప్పగించే అవకాశం ఉంది. కాబట్టి ముందు అడగండి, ‘హోల్డ్ ఏమైనా ఉందా’ అని. లేదంటే ఆగాల్సిన పనే లేదు. బెయిల్‌కు పూచీ పడే బాండ్స్‌మన్‌కు కట్టే సుమారు 10 శాతం తిరిగిరాదు. కోర్టుకు పూర్తిగా కట్టిన నగదైతే, వాయిదాలకు సరిగ్గా వెళ్తే, జరిమానాలు, ఫీజులు పోను కేసు ముగిశాక వస్తుంది. ఇల్లినాయిస్‌లో 2023 సెప్టెంబరు నుంచి డబ్బు బెయిలే లేదు, అక్కడ ఎవరైనా బెయిల్ డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి.

పిల్లలకు ఇప్పుడే చెప్పాల్సిందొకటుంది. అరెస్టవగానే సెల్‌ఫోన్ సామాను సంచిలోకి పోతుంది, అందులోని నంబర్లన్నీ దానితోపాటే. జైలు గోడకున్న ఫోన్ నుంచి చాలాచోట్ల ఇండియాకు కాల్ వెళ్లదు. అమెరికాలో ఉన్న ఒక్క నమ్మకమైన మనిషి నంబరైనా నోటికి రావాలి, ఆ మనిషి దగ్గర పాస్‌పోర్టు, వీసా కాపీలు ఉండాలి. మధుమేహమో ఫిట్సో ఉన్నవాళ్లయితే మందు పేరు, మోతాదు కూడా. జైలు నర్సు ఖైదీ ఆరోగ్యం గురించి మనకేమీ చెప్పకపోవచ్చు, కానీ మనం చెప్పేది వింటుంది. మొదటి కాల్ దానికే చేయండి.