వనస్నానము

స్నానమునకు నీరు కావలెనని అందఱు నెఱుగుదురు. కాని జపాను దేశమున నీరు లేని స్నాన మొకటి కలదు. ఆ దేశమువారు దానిని 'షిన్‌రిన్ యోకు' అందురు. 'షిన్‌రిన్' అనగా అడవి. 'యోకు' అనగా స్నానము. అడవి గాలిలో, అడవి నీడలో, అడవిలోని మెల్లని సవ్వడుల నడుమ కొంత కాలము గడిపి అలసట తీర్చుకొనుటయే ఈ వనస్నానము. ఈ పేరు పురాతనమైనది కాదు. 1982వ సంవత్సరమున జపాను ప్రభుత్వపు అటవీశాఖ దీనిని వాడుకలోనికి తెచ్చినది. నగరములలో పని ఒత్తిడికి లోనై క్రుంగిపోవుచున్న జనులకు అడవులలో విశ్రాంతి లభించును. అడవులను చూచి ప్రేమించినవారు వానిని కాపాడుటకును ముందుకు వత్తురు. ఈ రెండు ప్రయోజనములను కోరియే ఆ శాఖ జనులను అడవులకు ఆహ్వానించినది.

మానవునకు కలుగు అలసట రెండు విధములు. పొలము దున్నినవానికి, బరువులు మోసినవానికి శరీరము అలయును. కడుపునిండ తిని కంటినిండ నిద్రించినచో ఆ అలసట చాలవఱకు తీరిపోవును. ఇంద్రియముల అలసట అట్టిది కాదు. కన్నులకు ఱెప్పలు కలవు, చెవులకు లేవు. నిద్రలో సైతము చెవి శబ్దములను గ్రహించుచునే యుండును. నగరవీథిలో నడచువాని చెవులలో బండ్ల మోతలు, ధ్వనివర్ధకముల హోరు, అమ్మకందారుల కేకలు ఒక్కుమ్మడిగ పడుచుండును. కన్నుల యెదుట రంగుదీపములు వెలిగి ఆరుచుండును. చేతిలోని ఫోను మాటిమాటికి మ్రోగుచుండును. వీనిలో వినదగినదేది, విడువదగినదేది యని మనస్సు ఎడతెగక ఏరుకొనుచుండవలెను. హఠాత్తుగ పెద్ద చప్పుడు వినబడినప్పుడు శరీరము అపాయము నెదుర్కొనుటకు సిద్ధపడును. గుండె వడిగ కొట్టుకొనును. రక్తపు పోటు పెరుగును. దినమంతయు ఇట్లే జరిగినచో, కూర్చుండి పనిచేసినవాడు సైతము సాయంకాలమునకు డస్సిపోవును.

అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞులగు రేచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు 1989లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును చర్చించిరి. కఠినమైన లెక్కను చేయునప్పుడు, రద్దీగ నున్న రహదారిని దాటునప్పుడు మనస్సును బలవంతముగ ఒకచోట నిలుపవలసి యుండును. ఈ శక్తి వాడినకొలది తఱుగును. మబ్బులు కదలుట, ఆకులు అల్లాడుట, ఏఱు పాఱుట చూచునప్పుడో ఏ ప్రయత్నమును లేకయే దృష్టి వానిపై నిలుచును. ఆ సమయమున అలసిన శక్తి తిరిగి కోలుకొనునని వారి సిద్ధాంతము. వనస్నానమునకు మూలము ఇదియే. ఇంద్రియములను మూసివేయుటకాదు, వానికి మృదువైన పనిని అప్పగించుటయే నిజమైన విశ్రాంతి.

జపానులోని నగానో రాష్ట్రమున, కిసో లోయలో, ఆగెమత్సు అను చిన్న పట్టణమునకు సమీపమున అకసావా అను అడవి కలదు. 1982లో వనస్నానమునకై దేశవ్యాప్తముగ జరిగిన మొదటి సమావేశమునకు ఈ అడవియే వేదిక అయినది. ఇచట హినోకి అను సుగంధ వృక్షములు ఆకాశము నంటుచు నిలిచియున్నవి. వానిలో పెక్కింటి వయస్సు 300 ఏండ్లకు తక్కువ కాదు. పదునేడవ శతాబ్దమున కోటలను, పట్టణములను నిర్మించుటకై కిసో కొండలలోని చెట్లను విచ్చలవిడిగ నఱకిరి. కొండలు బోడివగుట చూచి, ఆ ప్రాంతము నేలిన ఓవారి ప్రభువులు ఆ వృక్షములను కొట్టరాదని శాసించిరి. చెట్టు కొట్టినవాని తల తెగునను నానుడి ఆ నాటి శాసనముల కాఠిన్యమును తెలుపుచున్నది. పిమ్మటి కాలమున దుంగలను మోయుటకై అడవిలో సన్నని రైలుబాట వేసిరి. లారీలు వచ్చిన తరువాత అది మూతపడినది. 1987 నుండి ఒక చిన్న రైలు అచట సందర్శకులను ఎక్కించుకొని ఏటి వెంట మెల్లగ సాగుచున్నది. దాని మార్గము 1.1 కిలోమీటరు మాత్రమే.

వనస్నానము చేయువారికి చేరవలసిన శిఖరము లేదు. దాటవలసిన దూరమును లేదు. ఒక కిలోమీటరు నడచుటకు ఒక గంట పట్టినను తప్పు లేదు. నాలుగడుగులు వేసి నిలుచుదురు, మరల నడచుదురు, మనసైనచోట కూర్చుందురు. కొమ్మల సందులనుండి జాఱు ఎండను కన్ను చూచును. ఆ ఎండకు జపాను భాషలో 'కొమొరెబి' అను ప్రత్యేకమైన పేరే కలదు. ఏటి గలగలలను, పక్షుల పిలుపులను చెవి వినును. హినోకి మ్రాని తైలపు వాసనను ముక్కు ఆఘ్రాణించును. చేయి నాచుపట్టిన రాతిని, గరుకైన బెరడును తాకి చూచును. పెద్దగ మాటలాడరు, ఫోనులను ఆపివేయుదురు.

ఇది వట్టి నమ్మకమా యని శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. జపానులోని 24 అడవులలో 280 మంది యువకులపై జరిగిన పరిశోధనల ఫలితములు 2010లో వెలువడినవి. వారిలో సగము మందిని అడవికి, సగము మందిని నగరమునకు పంపిరి. మఱునాడు స్థలములను మార్చిరి. అడవిలో నున్నప్పుడు వారి నాడివేగము, రక్తపు పోటు, ఒత్తిడివేళ శరీరమున పెరుగు కార్టిసాల్ అను ద్రవ్యము తక్కువగ నుండెను. అంతకు ముందే, 1984లో, రోజర్ ఉల్రిచ్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన 46 మంది రోగుల వివరములను ప్రకటించెను. కిటికీనుండి చెట్లు కనబడు గదులలో నున్నవారు, ఇటుకగోడ మాత్రమే కనబడు గదులలోనివారికంటె త్వరగ ఇండ్లకు చేరిరి. వారికి తీవ్రమైన నొప్పి మందుల అవసరమును తక్కువగ నుండెను. అయినను అడవి ఔషధమునకు బదులు కాదు. రోగికి వైద్యుడు కావలెను. అడవి అతనికి తోడుపడును.

సామాన్యులకు ఇట్టి ప్రశాంతత ఒక సుఖము. కొందఱికి అది అత్యవసరము. ఆటిజము గల పిల్లలలో పెక్కుమందికి ఇంద్రియములు మిక్కిలి సున్నితములుగ నుండును. ఇతరులు లెక్కచేయని ఈల చప్పుడు వారి చెవికి సూదివలె గ్రుచ్చుకొనును. మిలమిలలాడు దీపము, క్రొత్త వస్త్రపు గరుకుదనము, జనుల ఒఱపిడి వారికి భరింపరానివి. అట్టి బాలుడు రైలు స్టేషనులో చెవులు మూసికొని బిగ్గరగ ఏడ్చినచో, చూచువారు వానిని మొండివాడందురు; తల్లిదండ్రులు పెంపకము నెఱుగరందురు. ఆ మాటలకు సిగ్గుపడి కొన్ని కుటుంబములు ప్రయాణములనే మానుకొనును. బిడ్డకు సముద్రము చూచు భాగ్యము ఉండదు. కొండ చూచు భాగ్యము నుండదు.

ఈ కష్టము తీర్చుటకు ఉపాయములు లేకపోలేదు. పోవలసిన చోటు చిత్రపటములను ముందుగ చూపవలెను. రద్దీ లేని వేళను ఎన్నుకొనవలెను. చెవులను కప్పు సాధనమును, అలవాటైన తినుబండారములను వెంట నుంచుకొనవలెను. ఒక్క దినమున నాలుగు స్థలములు తిరుగుటకంటె ఒక్కచోట నిదానముగ గడపుట మేలు. లండనుకు చెందిన గాట్విక్ విమానాశ్రయమున 2016లో పొద్దుతిరుగుడు పూల బొమ్మలు గల ఆకుపచ్చని మెడపట్టీని ప్రవేశపెట్టిరి. పైకి కనబడని ఇబ్బంది కలవారు దానిని ధరించినచో సిబ్బంది గుర్తించి ఓర్పుతో సాయపడుదురు. ఆ పద్ధతి పిమ్మట పెక్కు దేశములకు వ్యాపించినది. భారతదేశమునందును 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది.

వనస్నానమునకై జపాను పోనక్కఱలేదు. హైదరాబాదు నడిబొడ్డున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనమున నేటికిని నెమళ్లు తిరుగుచున్నవి. విశాఖపట్టణమును ఆనుకొని కంబాలకొండ అడవి కలదు. సూళ్లూరుపేట సమీపమున నేలపట్టు చెఱువులో నిలిచియున్న చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. కాని అడవికి పోయిన వారు ధ్వనివర్ధకములను వెంట గొనిపోయినచో, వారు వెదకివచ్చిన ప్రశాంతత వారి చేతనే నశించును. పక్షులును బెదరి పాఱును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు ఆసుపత్రుల, పాఠశాలల, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్ల మేర నిశ్శబ్దమును కాపాడుటకు వీలు కల్పించినవి. అన్ని చోట్లకును చట్టము రాలేదు. మిగిలినచోట్ల మనుష్యుల మర్యాదయే కాపు.

అకసావా వృక్షములను నాడు శిక్షాభయము కాపాడినది. నిశ్శబ్దమును కాపాడుటకు అంతటి శాసనము అవసరము లేదు. అడవిలో ఒక గంట గొంతు తగ్గించి నడచిన బాలుడు, దారిలో చెవులు మూసికొని నిలిచిన మఱియొక బాలుని చూచినప్పుడు నవ్వక, తన సైకిలు గంటను మ్రోగింపక ప్రక్కనుండి పోయినచో చాలును.