పాత వంటయింటిలో ఉంచదగినదేది?

వంటయిల్లు బాగుచేయించుకొనవలెనని సంకల్పించినప్పుడు మొదట వినవచ్చు సలహా ఒక్కటే: "అంతయు పగులగొట్టి క్రొత్తగా కట్టుదము." పనివారికి అది సులభము, ఖర్చు మాత్రము గృహస్థునిది. రెండేండ్ల క్రిందట మా వంటయిల్లు బాగుచేయించునప్పుడు మేమును ఈ సందేహముననే పడితిమి. అప్పుడు నేర్చుకొన్న సూత్రమిది: కంటికి కనబడు వస్తువులను పరీక్షించి ఉంచుకొనవచ్చును, గోడలో దాగియున్నవానిని నమ్మరాదు.

మొదటిది వంటగట్టు మీది బండ. మన ఇండ్లలో అనేకచోట్ల అది కడప బండ. అది నల్లని సున్నపురాయి. నిమ్మరసము, చింతపండు పులుసు పడి నిలిచినచోట మెరుగు పోవుటకు కారణమదియే. మెరుగు పోయినంతమాత్రమున రాయి చెడినట్లు కాదు. మరల సానపట్టించి నునుపు చేయవచ్చును. ఊడదీసిన పిదప తట్టిచూడుడు. ఖంగుమన్నచో గట్టిది; బొంగురుగా పలికినచో లోపల బీట ఉన్నదని అనుమానింపవలెను. మోయునప్పుడు అంచుమీద నిలువుగా పట్టవలెను. అడ్డముగా మోసినచో తన బరువుకే నడుమ విరుగవచ్చును.

బండ పాతదైనను గట్టు ఎత్తు పాతదే కానక్కరలేదు. నిలుచుండి వండువారి మోచేతికి నాలుగు నుండి ఆరు అంగుళముల దిగువగా గట్టు ఉండుట మేలు. మా తల్లిగారు ముప్పదియేండ్లు ఆ గట్టువద్ద వంగియే వండిరి. అదే బండను మూడంగుళములు ఎత్తి అమర్చిన పిదప ఆమె నడుము నొప్పి తగ్గినది.

టేకు అలమర తలుపులను మూలలందు, బందులవద్ద చాకుమొనతో పొడిచి చూడుడు. మొన సులభముగా దిగినచో చెద తినినదన్నమాట. కర్ర గట్టిగా నున్నచో బందులు మార్చి వార్నీషు పూసిన చాలును. ఇత్తడి కొళాయి కారుచున్నచో తరచుగా చెడినది లోపలి వాషరే కాని కొళాయి కాదు.

ఇక దాగియున్నవి. పాత ఇండ్లలోని ఇనుప నీటిగొట్టములకు జింకుపూత ఉండును. కాలక్రమమున ఆ పూత తరిగి, లోపల త్రుప్పు పేరుకొని, నీటిదారి సన్నగిల్లును. పైకి ఏమియు తెలియదు. ఇచ్చటనే మేము పొరబడితిమి. డబ్బు మిగులునని పాతగొట్టమునే ఉంచి, గోడకు క్రొత్త పలకలు అంటింపజేసితిమి. నాలుగు మాసములకే గోడ చెమ్మగిల్లినది. ఆ పలకలను పగులగొట్టక తప్పలేదు. మిగిలినదానికంటె పోయినదే ఎక్కువ.

విద్యుత్తు తీగలును ఇట్టివే. పూర్వము వంటయింటికి ఒక దీపమునకు సరిపడు తీగ చాలెడిది. నేడు మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జి కూడ గలవు. ఆ భారమునకు సన్నని తీగ వేడెక్కును. గోడ తెరచియున్నప్పుడే తగినంత లావు తీగలును, ఎర్తును వేయించుట క్షేమము.

మన సూత్రమునకు మినహాయింపు ఒకటి గలదు. గ్యాసుపొయ్యి రబ్బరు గొట్టము కంటికి బాగుగానే కనబడినను, గడువు తీరగానే మార్చవలసినదే.

కావున పని ఆరంభించుటకు ముందే ఒక కాగితముపై రెండు వరుసలు వ్రాసికొనుడు: ఉంచదగినవి, మార్చదగినవి. మేస్త్రీ సమ్మెట ఎత్తకముందే ఆ కాగితము ఆయన చేతికి అందవలెను.