దిగే దారి లేని స్కైలాబ్

1979 జూలైలో తెలుగు పల్లెల్లో ఏ అరుగు మీద చూసినా ఒకటే మాట: స్కైలాబ్ పడుతుందంట. ఎటూ పోతామని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నవాళ్లున్నారు. ఆ భయం ఉత్త పుకారులోంచి పుట్టింది కాదు. స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం కక్ష్య భూమధ్యరేఖకు 50 డిగ్రీల వాలులో ఉండేది. ఉత్తరాన 50 డిగ్రీల నుంచి దక్షిణాన 50 డిగ్రీల దాకా ఉన్న నేలంతా దాని దారి కిందిదే. ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు కూడా అందులోవే.

సుమారు 77 టన్నుల ఆ అంతరిక్ష కేంద్రాన్ని నాసా 1973 మే 14న సాటర్న్-5 రాకెట్టుతో పంపింది. నిమిషం దాటగానే ఎండను కాచే పైతొడుగు ఊడిపోయింది. ఒక సోలార్ రెక్కా పోయింది. లోపల వేడి 50 డిగ్రీలు దాటింది. మే 25న బయల్దేరిన కాన్రాడ్, కెర్విన్, వైట్జ్ మడిచిన గుడ్డను గోడలోని చిన్న ద్వారం గుండా బయటికి నెట్టి గొడుగులా విప్పారు. వేడి దిగింది. ఇరుక్కుపోయిన రెండో రెక్కను తర్వాత బయటికెళ్లి, పట్టీ కోసి విడిపించారు. మూడు బృందాలు 28, 59, 84 రోజులు అక్కడ పనిచేశాయి. 1974 ఫిబ్రవరి 8 తర్వాత అందులో మనిషి లేడు.

సుమారు 435 కిలోమీటర్ల ఎత్తులోనూ పలచగా గాలి ఉంటుంది. సూర్యుడు అనుకున్నదానికన్నా చురుగ్గా ఉండడంతో పైవాతావరణం వేడెక్కి ఉబ్బింది. ఆ గాలి రాపిడికి వేగం తగ్గి స్కైలాబ్ కిందికి జారింది. స్పేస్ షటిల్‌తో పైకి నెట్టాలనుకున్నారు, కానీ షటిల్ ఎగిరేసరికి 1981 వచ్చింది. కోరిన చోట దిగడానికి స్కైలాబ్‌కు సొంత ఇంజనే లేదు. చివరికి ఇంజనీర్లు దాన్ని దొర్లించి, పడే చోటును కాస్త జరపగలిగారు, అంతే. మన టైము ప్రకారం జూలై 11 రాత్రి పది దాటాక దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరాన్స్ పరిసరాల్లో పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

2011లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహం మేఘా-ట్రోపిక్స్‌ను కూడా కోరిన చోట దించేలా తయారుచేయలేదు. కానీ ట్యాంకులో సుమారు 125 కిలోల ఇంధనం మిగిలింది. ఇస్రో దాన్ని వాడి కక్ష్యను మెల్లగా దించుకుంటూ వచ్చి, 2023 మార్చి 7న ఉపగ్రహాన్ని పసిఫిక్ మహాసముద్రం మీదికి తెచ్చింది. అదే ఏడాది నవంబర్ 15న చంద్రయాన్-3 రాకెట్టు పైభాగం మాత్రం అదుపు లేకుండానే వాతావరణంలోకి వచ్చింది.

2030 నాటికి శకలాలు మిగల్చని ప్రయోగాలే చేయాలని ఇస్రో లక్ష్యం పెట్టుకుంది. దిగడానికి ఇంధనం పక్కన పెడితే ఉపగ్రహం పనిచేసే కాలం కొంత తగ్గుతుంది. అయినా పెట్టాల్సిందే. కక్ష్య కింద బతికే జనాన్ని అడిగి ఎవరూ రాకెట్టు ఎగరేయడం లేదు.